కాపలా మాటలు

మా అమ్మకు ఇంగ్లీషు మాటలు పదో పన్నెండో వచ్చు. వాటిలో మూడు నాకు బాగా గుర్తు. ఒకటి గార్డు. తాండూరు స్టేషన్‌లో ప్యాసింజరు బండి కదలాలంటే పచ్చజెండా ఊపాల్సిన మనిషి. రెండోది వార్డు. మా నాయనమ్మ క్షయతో అనంతగిరి గుట్ట మీది ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమె మంచం పక్కన అమ్మ నెలల తరబడి నేలమీద పడుకుంది. అప్పుడు నేర్చుకున్న మాట. మూడోది వార్డెన్. అది నా మూలంగా వచ్చింది, వికారాబాద్‌లో నన్ను హాస్టల్లో చేర్పించిన రోజున.

ఈ మూడూ ఒక తల్లి పిల్లలని అమ్మకు తెలీదు. ఎమ్మే ఇంగ్లీషు చదివి, చాలా ఏళ్లు పాఠాలు చెప్పిన తర్వాత గానీ నాకూ తెలీలేదు.

1985 జూన్. నేను ఆరో తరగతి. మా నాయన అప్పటికి రెండేళ్లుగా పూనాలో ఉన్నాడు, బిల్డింగు పనుల్లో. ఉన్నాడనే అనుకునేవాళ్లం. ఉత్తరం వచ్చి ఏడాది దాటింది. అమ్మ కందిచేలల్లో కూలికి పోయేది. పొలం పని లేని రోజుల్లో నాపరాయి పాలిష్ యూనిట్లో బండలు మోసేది. 1978లో దేశమంతా వయోజన విద్య మొదలైనప్పుడు మా ఊళ్లో గుడి ముందర ఒక రాత్రిబడి కొన్నాళ్లు నడిచి ఆగిపోయింది. అందులో అమ్మ నేర్చుకున్నది తన పేరు రాయడం. నన్ను హాస్టల్‌కు పంపే ముందు వారం రోజులు రోజూ రాత్రి ఇంటి ముందరి బండమీద సుద్దముక్కతో తన పేరు రాసుకుని, చూసుకుని, చెయ్యితో తుడిచేది. సంతకం అడుగుతారని ఎవరో చెప్పారు.

వార్డెన్ గారు మర్యాదస్తురాలు. ఆమె మీద నాకు కోపం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

"పిల్ల తండ్రి రాలేదా?"

"పూనాల ఉన్నడమ్మా. నేనొచ్చిన గద. సంతకం నేను పెడ్త."

"నువ్వు పెడితే నడవదు. తండ్రి గానీ, గార్డియన్ గానీ పెట్టాలె."

"గార్డియన్ అంటే ఎవరమ్మా?"

"పిల్ల బాగోగులు చూసేటోళ్లు."

"మరి చూసేది నేనే గదమ్మా!"

వార్డెన్ గారు నవ్వారు. "ఆ చూసుడు కాదమ్మా. మగదిక్కు ఎవరున్నరు?"

మగదిక్కు గేటు దగ్గర నా ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. మా మేనమామ. అతనికప్పుడు 19 ఏళ్లు. పెట్టె మోయడానికి వచ్చాడు. నేను ఎన్నో తరగతిలో చేరుతున్నానో కూడా అతనికి తెలీదు. లోపలికి పిలిచి వేలుపెట్టి చూపిస్తే, 'తండ్రి/సంరక్షకుడు' అన్నచోట సంతకం చేశాడు. ఆ తర్వాత అయిదేళ్లు హాస్టల్ కాగితాల్లో నా గార్డియన్ అతనే. నెలకోసారి వచ్చి, అమ్మ చేసిచ్చిన జొన్నరొట్టెల మూట గేటు దగ్గర ఇచ్చి పోయేది మాత్రం అమ్మ.

చాలా ఏళ్ల తర్వాత, బీఏ పిల్లలకు ఇంగ్లీషు భాషా చరిత్ర చెప్పాల్సివచ్చి, పెద్ద నిఘంటువు ముందేసుకుని కూర్చున్నప్పుడు వార్డెన్, గార్డియన్ పక్కపక్కన కనబడ్డాయి. రెండూ ఒకే మాట. అర్థం ఒకటే కావడం పెద్ద విషయం కాదు. అసలు మాటే ఒకటి.

కాపలా కాయడం, కనిపెట్టి ఉండడం అనే అర్థంలో పాత జర్మానిక్ భాషల్లో ఒక ధాతువు ఉంది. ఇంగ్లండులో అది నేరుగా వార్డ్ అయింది. ఫ్రాంకులు అనే జర్మానిక్ తెగ అదే మాటను గాల్ దేశానికి తీసుకుపోయింది. అక్కడి జనం నోట మొదటి వకారం నిలవలేదు. గకారమైంది. అయితే ఉత్తరాన నార్మండీ వైపు వాళ్లు మాత్రం వకారాన్ని వదల్లేదు. మనకిది ఎరగని సంగతేం కాదు. కోస్తావాళ్ల వేపచెట్టు మా వికారాబాద్‌లో యాపచెట్టు. చెట్టు మారదు, నోరు మారుతుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచినప్పుడు వాళ్ల యాసతో వార్డెన్ వచ్చింది. తర్వాతి శతాబ్దాల్లో పారిస్ ఫ్రెంచి పలుకుబడితో గార్డు, గార్డియన్ వచ్చాయి. ఒకే మాట రెండు యాసల్లో రెండుసార్లు ఇంట్లోకొచ్చి, ఇద్దరు మనుషుల్లా కాపురం పెట్టింది. వారంటు, గ్యారంటీ కూడా ఇలాంటి జంటే, ధాతువు వేరనుకోండి. మా ఊరి మీదుగా వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు నడిపించి, ఆ తర్వాత 'నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే' అని పేరు పెట్టుకున్న సంస్థలో ఉన్న గకారం అదే.

అంటే ఆ రోజు వార్డెన్ గారు మా అమ్మను అడిగింది ఇంకో వార్డెన్‌ని!

వార్డు సంగతి ఇంకా చిత్రం. మొదట్లో ఆ మాటకు కాపలా అనే పని అర్థం. తర్వాత కాపలా ఉన్న చోటు. నగరాన్ని కాపలా కోసం భాగాలుగా పంచుకుంటే ఒక్కో భాగం వార్డు. జైల్లో ఒక భాగం, ఆసుపత్రిలో ఒక గది, ఇప్పటి మన మున్సిపాలిటీ వార్డు అన్నీ అక్కడివే. చివరికి, ఇంకొకరి కాపలాలో ఉన్న మనిషికి కూడా అదే పేరు. పదిహేనో శతాబ్దానికల్లా తండ్రిలేని పిల్ల, ఆస్తి ఉన్న మైనరు, వార్డు అయ్యారు. కాసేవాడు, కాపలాలో ఉన్నది, ఇద్దరికీ ఒకే ధాతువు. ప్రశ్నల్లా ఒక్కటే: ఎవరు ఎటువైపు?

అవార్డు కూడా ఈ ఇంటి పిల్లే. బాగా కనిపెట్టి చూసి తీర్పు చెప్పడం అని దాని పాత అర్థం. మన అవార్డు కమిటీలు ఎంత కనిపెట్టి చూస్తాయో మన రచయిత్రులకు నేను చెప్పక్కర్లేదు.

ఈ కుటుంబంలో అన్నిటికంటే పెద్దవాడు లార్డు. ఆ మాట తెలిసినరోజు నేను క్లాసు మధ్యలో ఆగి నవ్వాను, పిల్లలకు ఎందుకో అర్థం కాలేదు. పాత ఇంగ్లీషులో లార్డు ఒక సమాసం. మొదటి సగానికి అర్థం రొట్టె, రెండో సగం మన వార్డు. రొట్టెకు కాపలావాడు. రాజ్యాలు, ఎస్టేట్లు, పార్లమెంటులో ఒక సభ, చివరికి దేవుడు, అందరి పేరూ రొట్టె కాపలా నుంచే. మరి లేడీ? ఆ మాటలోనూ మొదటి సగం రొట్టే. రెండో సగానికి అర్థం పిండి పిసికేది. ఇంటి నౌకరుకు కూడా పాత చట్టాల్లో ఒక మాట ఉంది, రొట్టె తినేవాడు అని. ఒకామె పిసుకుతుంది, ఒకడు కాపలా ఉంటాడు, మిగిలినవాళ్లు పెట్టినప్పుడు తింటారు. ఇంగ్లీషు ఇంటి నిర్మాణమంతా మూడు మాటల్లో ఉంది.

తాండూరు వైపు ఇళ్లల్లో జొన్నరొట్టె చేయడం చూసినవాళ్లకు ఇది బొమ్మగా కళ్లముందు కనిపిస్తుంది. వేడినీళ్లు పోసి పిండి కలిపి, అరచేతి మడమతో గట్టిగా పిసికి, పీటమీద రెండు చేతులా తట్టి, పెనం మీద వేసి, పైన నీళ్లు అద్ది తిప్పాలి. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే జిగురు ఉండదు. చేతి వాటమే దాన్ని పట్టి ఉంచాలి. మా అమ్మ రోజుకు ఇరవై చేసేది. ఆ లెక్కన అసలు సిసలు లేడీ ఆమే. స్టేషన్లో 'లేడీస్ వెయిటింగ్ రూమ్' అన్న బోర్డు ఉన్న గదిలోకి పోవడానికి మాత్రం ఆమె ఎప్పుడూ జంకేది. అది చదువుకున్నోళ్లదని ఆమె నమ్మకం.

తెలుగులో మనకూ ఒక కాపలా కుటుంబం ఉంది. 'కాచు' అనే క్రియ నుంచి కాపు, కాపరి, కాపలా. కాపురాన్ని కూడా నిఘంటువులు వీటి పక్కనే చేర్చాయి. కాపు అంటే కాపాడేవాడు, పొలం చేసుకునే రైతు, ఊరిలో నిలిచి ఉండేవాడు. ఇంగ్లీషు హస్బెండ్ కూడా మొదట ఇల్లు కట్టుకుని నిలిచి ఉన్నవాడే. ఆ మాట నుంచే వ్యవసాయానికి హస్బెండ్రీ అనే పేరొచ్చింది. ఒకదానికొకటి చుట్టరికం లేని రెండు భాషలు, పొలమూ మొగుడూ కాపలా అన్నిటినీ ఒకే గాటన కట్టుకున్నాయి. (కందిచేను ఈసారి మంచి కాపు కాసింది అన్నప్పటి కాపు వేరు. అది కాయ నుంచి వచ్చింది. పైకి ఒకేలా కనిపించే మాటలన్నీ చుట్టాలు కావు.)

ఇక్కడ నాకొక తేడా కనిపిస్తుంది. తెలుగులో కాసే పని మాటలకు ఆడామగా తేడా లేదు. కాపరి ఎవరైనా కావచ్చు. జొన్నచేలో మంచె మీద ఒడిసెల పట్టుకుని పిట్టల్ని తోలేది ఎక్కువగా ఆడపిల్లలే. నేనూ తోలాను. కాపలా ఉన్నానని చెప్పుకోవడానికి నాకు ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది. కానీ పని కాగితం మీదికి ఎక్కేసరికి తెలుగు తప్పుకుని సంస్కృతం వస్తుంది. సంరక్షకుడు. చివర ఉన్న 'డు' కాపలాను మగవాడికి అప్పజెప్పేస్తుంది. మనువు తొమ్మిదో అధ్యాయంలో స్త్రీకి తండ్రిని, భర్తను, కొడుకును వరుసగా కాపలా పెట్టడానికి వాడింది ఈ 'రక్ష' ధాతువునే. కాపరికి సంతకం అక్కర్లేదు. సంరక్షకుడికే కావాలి.

ఉర్దూలో చూద్దామంటే అక్కడా ఇదే కథ. తాండూరులో మా పక్కింటి ఫాతిమా బీ కూతురి తలాఖ్ గొడవలో ఈ రెండు మాటలు విన్నాను: హిజానత్, విలాయత్. చిన్నపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని పెంచే హక్కు హిజానత్, అది తల్లిది. వాళ్ల ఆస్తి మీద, పెద్ద నిర్ణయాల మీద అధికారం విలాయత్, అది తండ్రిది. వలీ అంటే సంరక్షకుడూ, పాలకుడూ. విలాయత్ అంటే పాలనలో ఉన్న దేశం కూడా. ఆ దారినే ఇంగ్లండు మనకు విలాయతు అయింది. మన దగ్గరి ఇంగ్లీషు సిపాయిలు అదే మాటను బ్లైటీ అని మార్చుకుని, తమ స్వదేశానికి పేరుగా ఇంటికి మోసుకుపోయారు.

ఇంగ్లీషు చట్టంలో ఈ కాపలా చాలాకాలం అమ్మకపు సరుకు. ఆస్తి ఉన్న పిల్లవాడి తండ్రి పోతే, భూస్వామ్య పద్ధతి ప్రకారం వాడి భూమి మీదా, వాడి పెళ్లి మీదా హక్కు ప్రభువుదో, రాజుదో అయ్యేది. రాజు ఆ హక్కును అమ్ముకునేవాడు, బతికున్న తల్లి కూడా కావాలంటే కొనుక్కోవాల్సిందే. ఎనిమిదో హెన్రీ దీనికోసం 1540లో ఏకంగా ఒక కోర్టు పెట్టాడు, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అని. 1660లో ఆ పద్ధతిని రద్దు చేసిన చట్టమే, తన పిల్లలకు గార్డియన్ ఎవరో వీలునామాలో రాసే అధికారాన్ని తండ్రికిచ్చింది. తల్లి అందులో లేదు. పిల్లల్ని లాక్కున్న భర్తతో పోరాడి, కరపత్రాలు రాసి, కారొలిన్ నార్టన్ అనే రచయిత్రి కారణంగా 1839లో వచ్చిన చట్టం, ఏడేళ్ల లోపు పిల్లల్ని తన దగ్గర ఉంచమని కోర్టును అడుక్కునే వీలు మాత్రమే తల్లికిచ్చింది. తండ్రితో సమానమైన గార్డియన్ హక్కు ఇంగ్లండు తల్లులకు వచ్చింది 1973లో. ఎంత ఆలస్యమో చూడండి.

ఆ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పేరును ఈస్టిండియా కంపెనీ ఇక్కడికి తెచ్చింది. బెంగాలులో 1793 నాటి రెగ్యులేషన్లు, ఎస్టేటు నడుపుకోవడానికి అనర్హులైన జమీందార్ల జాబితా ఒకటి చేశాయి. మైనర్లు, మతి తప్పినవాళ్లు, వాళ్లతోపాటు స్త్రీలు. సమర్థురాలని ప్రభుత్వం ఒప్పుకున్న స్త్రీకి మినహాయింపు ఉంది, కానీ ఒప్పుకోవాల్సింది ప్రభుత్వం. నిజాం రాజ్యంలోనూ అదే పేరుతో ఒక శాఖ ఉండేది. వికారాబాద్ పైగా నవాబుల ఊరు, ఊరిపేరే నవాబ్ వికారుల్ ఉమ్రాది. వార్డు అంటే ఏమిటో ఇక్కడి కచేరీలకు హాస్టళ్లకంటే ముందే తెలుసు.

1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మన దేశంలో ఇప్పటికీ అమల్లో ఉంది. తండ్రి బతికుండి, పనికిరానివాడు కాకపోతే ఇంకొకర్ని గార్డియన్‌గా నియమించకూడదని అందులో రాశారు. పక్కన తల్లి అనే మాట చేరడానికి 2010 దాకా పట్టింది. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్లో మైనరు బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. అదే సెక్షన్లో ఇంకో వాక్యం కూడా ఉంది: పెళ్లయిన మైనరు పిల్లకు సంరక్షకుడు భర్త. హాస్టల్ నుంచి పెళ్లి చేసి తీసుకుపోయిన నా తోటి పిల్లలకు గార్డియన్ ఎలా మారాడో నాకు ఈ వాక్యం చదివాక తెలిసింది.

'ఆయన తర్వాత.' ఈ రెండు మాటల మీద ఒక రచయిత్రి సుప్రీంకోర్టుకు వెళ్లింది. గీతా హరిహరన్ 1984లో తన మైనరు కొడుకు పేర రిజర్వు బ్యాంకు రిలీఫ్ బాండ్లకు దరఖాస్తు పెట్టి, గార్డియన్‌గా తను సంతకం చేసింది. భర్తకు అందులో అభ్యంతరం లేదు, ఇద్దరూ కలిసి అనుకునే చేశారు. తండ్రి సంతకం కావాలని బ్యాంకు తిప్పి పంపింది. నేను ఈ సంగతి చదివినప్పుడు సంవత్సరం చూసి కాసేపు పుస్తకం మూసి పెట్టాను. చదువుకున్న రచయిత్రికీ, బండమీద సుద్దతో సంతకం దిద్దుకున్న మా అమ్మకూ ఏడాది తేడాలో ఒకే జవాబు దొరికింది. ఇద్దరినీ ఒకటి చేసి చూస్తున్నానని కాదు. వెనక్కొచ్చిన కాగితాన్ని ఏం చేయాలో ఆమెకు తెలుసు, అమ్మకు మగదిక్కును పిలవడం ఒక్కటే తెలుసు. కానీ ఆమె తెలిసినదాన్ని చేయడం వల్లనే, వందనా శివ వేసిన ఇంకో కేసుతో కలిపి 1999 ఫిబ్రవరి 17న తీర్పు వచ్చింది.

ఆ తీర్పు నాలాంటి భాష టీచర్లు చదవాల్సినది. కేసంతా 'తర్వాత' అనే మాటకు అర్థం దగ్గరే తిరుగుతుంది. తండ్రి చచ్చిపోయాకే తల్లి అని ఆ మాటను చదివితే రాజ్యాంగం చెప్పిన సమానత్వానికి విరుద్ధమవుతుంది. అందుకని కోర్టు చట్టాన్ని కొట్టెయ్యకుండా మాటకు కొత్త అర్థం చెప్పింది. తర్వాత అంటే ఆయన లేనప్పుడు. లేకపోవడం అంటే చావొక్కటే కాదు. బిడ్డను పట్టించుకోకపోయినా, తల్లే చూసుకోవాలని ఇద్దరూ అనుకున్నా, తల్లీబిడ్డా ఉన్నచోటికి దూరంగా ఉండి చూడలేకపోయినా ఆయన లేనట్టే. దూరంగా ఉండడం దగ్గర నాకు పూనా గుర్తొచ్చింది.

నాకు తృప్తిగా అనిపించలేదు, నిజం చెప్పాలంటే. లేనప్పుడు అనే అర్థంలో కూడా ఆయన ముందు నిలబడే ఉన్నాడు. ఆయన ఎంతసేపు లేడు, ఎంత లేడు అన్నది లెక్కపెట్టి చూపించాల్సిన పని మళ్లీ ఆమెదే. తండ్రికి మొదటి స్థానం తీసేసి ఇద్దర్నీ సమానంగా రాయమని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో చెప్పింది. ఆ రెండు మాటలూ చట్టంలో అలాగే ఉన్నాయి.

మన తెలుగువాళ్ల కేసూ ఒకటుంది, 2022 జూలై 28న సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఆకెళ్ల లలిత కేసు. భర్త పోయేనాటికి బిడ్డకు మూడు నెలలు నిండలేదు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది. చనిపోయిన భర్త తల్లిదండ్రులు, తామే గార్డియన్లమంటూ 1890 చట్టం కింద కోర్టుకెక్కారు. బిడ్డ తల్లి దగ్గరే ఉండాలన్నారు గానీ, ఇంటిపేరు పాతదే ఉంచాలనీ, కాగితాల్లో రెండో భర్తను సవతి తండ్రిగా చూపాలనీ హైకోర్టు అన్నది. సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. తండ్రి పోయాక ఏకైక సహజ సంరక్షకురాలు తల్లి, బిడ్డ ఇంటిపేరు ఆమె నిర్ణయిస్తుందంది. తెలుగిళ్లల్లో ఇంటిపేరు ఎంత బరువైనదో తెలిసినవాళ్లకు ఇది చిన్న తీర్పు కాదు. ఇదంతా వాదించింది 'మై లార్డ్' అని పిలుస్తూనే అయ్యుంటుంది. ఆ పిలుపు మానుకోమని బార్ కౌన్సిల్ 2006లోనే చెప్పింది, కోర్టు గదుల్లో రొట్టె కాపలా పోలేదు.

మాటలు మారడం లేదని కాదు. 2022 జనవరిలో రైల్వేవాళ్లు గార్డు అనే పేరు తీసేసి ట్రెయిన్ మేనేజర్ అన్నారు. పంచాయతీ వార్డుల్లో 1992 రాజ్యాంగ సవరణ తర్వాత మా వైపు ఆడవాళ్లు మెంబర్లయ్యారు, చాలాచోట్ల మీటింగుల్లో వాళ్ల భర్తలు కూర్చున్నారు. 2016లో వికారాబాద్ జిల్లా అయింది. ఆ తర్వాత కలెక్టరాఫీసులో ఏదో దరఖాస్తు నింపుతుంటే 'తండ్రి/భర్త/సంరక్షకుని పేరు' అని కనిపించింది. ఆ గడి ముందు నేను ఇప్పటికీ ఒక క్షణం ఆగుతాను.

ఇంతా రాసి ఒక సంగతి దాచడం సరికాదు. 2001 నుంచి రెండేళ్లు నేను ఒక ఆడపిల్లల కాలేజీ హాస్టల్‌కు వార్డెన్‌గా ఉన్నాను, వేరే జిల్లాలో. గీతా హరిహరన్ తీర్పు వచ్చి అప్పటికి రెండేళ్లు దాటింది. పేపర్లో చూసే ఉంటాను, చదవలేదు. సాయంత్రం ఆరింటికి గేటుకు తాళం వేయించడం, ఉత్తరాలు విప్పి చూడడం, ఎవరితో మాట్లాడుతున్నారో కనిపెట్టడం, ఇవన్నీ నాకు అప్పజెప్పిన పని. చేశాను. స్త్రీవాద సభల్లో పేపర్లు చదివి వచ్చి మరీ చేశాను. పిల్లల భద్రత కోసమేనని నమ్మాను కూడా.

ఒక జూన్‌లో ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చింది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడంది. పెన్ను తనే తీసుకోబోయింది. నేను ఫారం నా వైపు జరుపుకుని, తండ్రి గానీ గార్డియన్ గానీ పెట్టాలమ్మా అన్నాను. మాట బయటికొచ్చాక నాకు వినబడింది. అయినా ఆగలేదు. బయట ఎవరున్నారని అడిగాను. వాళ్ల మరిది ఉన్నాడు, ఆటోతో. పిలిపించాను, సంతకం పెట్టాడు, ఫారం నేనే ఫైల్లో పెట్టాను.